డెబ్బై ఒక్క మెట్లకు ఒక పైపు

మీ కలను ఒక్క మాటలో రాయండి అంటూ పసుపు రంగు చీటీ చేతిలో పెట్టినప్పుడే నాకు ఒళ్ళు మండింది.

కమ్యూనిటీ హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు, టీ, సమోసాలు. గోడకి పెద్ద బ్యానర్, దాని మీద మా బస్తీ ఫోటో. ఆ ఫోటో పైనుంచి తీసింది. పైనుంచి అంటే గుట్ట మీద జూబ్లీ హిల్స్ ఇళ్ళ టెర్రస్‌ల నుంచి. అక్కడినుంచి చూస్తే మేమంటే రేకులు, నీళ్ళ డ్రమ్ములు, ఆరేసిన బట్టలు. మనుషులు కనిపించరు. ఈ బస్తీని బాగు చేయడానికి ముగ్గురు కలిశారని చెప్పారు. ఒకటి స్వచ్ఛంద సంస్థ, రెండోది పై కాలనీ సంఘం, మూడోది మా బస్తీ కమిటీ.

"ఇది మీ ప్రాజెక్టండీ. మేము తోడుంటాం, అంతే," అంది సంస్థ మేడమ్. చేనేత చీర, మెడలో గుర్తింపు కార్డు, ఎవరేం తిట్టినా చెరగని చిరునవ్వు.

చీటీ మీద నేను 'రైలింగ్' అని రాశాను. అది నా కల కాదు, అమ్మది.

ఫిల్మ్ నగర్ గుట్టకి ఒక పక్కగా ఎక్కుతుంది మా గల్లీ. గల్లీ అంటే మెట్లే, డెబ్బై ఒకటి. స్కూలు బ్యాగు మోసుకుంటూ ఎన్నిసార్లు లెక్కపెట్టానో. చివరి మెట్టు దగ్గర మా ఇల్లు. ఇంటి వెనక బండ, బండ మీద ఎవరిదో కాంపౌండ్ గోడ. అటునుంచి దారి లేదు. బయటికి పోవాలంటే దిగాల్సిందే.

అమ్మ సినిమాల్లో కాస్ట్యూమ్స్ డిపార్ట్‌మెంట్‌లో పని చేస్తుంది. ఇస్త్రీ, కుట్లు, షాట్‌కీ షాట్‌కీ మధ్య గుండీలు సరిచూడటం. వానాకాలంలో ఒక పొద్దున, షూటింగ్ వ్యాను కోసం గబగబా దిగుతూ నలభయ్యో మెట్టు మీద జారింది. మోకాలి కింద రాడ్డు వేశారు. పట్టుకుని నడిస్తే నడవొచ్చు అన్నాడు డాక్టరు. ఇంట్లో గోడ పట్టుకుని నడుస్తుంది. మెట్లకి మాత్రం ఒక పక్క పక్కవాళ్ళ గుమ్మాలు, ఇంకో పక్క మురుగు పారే మోరీ. పట్టుకోవడానికి ఏమీ లేదు. నాలుగు నెలలు గడప దాటలేదు. కొత్త షెడ్యూలు మొదలయ్యేవరకే నీ చోటు ఆపగలను అని కాస్ట్యూమ్ చీఫ్ ఫోన్‌లో చెప్పేశాడు. ఆ తర్వాత చోటు ఇంకొకరిది.

నన్ను దింపమని అమ్మ ఒక్కసారీ అడగలేదు. వ్యాను తెల్లవారుజామున వస్తుంది. నేను జూబ్లీ హిల్స్‌లో ఒక సినిమా ప్రచారాల ఆఫీసుకి వీడియోలు ఎడిట్ చేస్తాను, పడుకునేదే ఆలస్యం. అడగలేదు కాబట్టి నేనూ ఆ సంగతి ఎత్తలేదు. రైలింగ్ అని చీటీ రాసి ఊరుకున్నాను.

తర్వాతి మీటింగుకి చీటీలన్నీ చార్టుకి అతికించి తెచ్చారు. నాది 'భద్రత' కింద ఉంది. భద్రత దగ్గర మొదలైన బాణం వంకర్లు తిరిగి రంగుల దగ్గర ఆగింది. గోడలకి రంగులు, మెట్లకి రంగులు, కింద రోడ్డు దగ్గర ఒక ఆర్చి.

"మేడమ్, నేను రైలింగ్ అని రాసిన. గీడ రంగులున్నయేంది?"

"రంగులు వేస్తే మెట్లు స్పష్టంగా కనపడతాయండీ. అదీ భద్రతే కదా."

"మా మమ్మీకి మెట్లు మంచిగనే కనపడ్తున్నయి మేడమ్. పట్టుకోనీకె ఏం లేదు."

వెనక వరసలో ఎవరో నవ్వారు. కాలనీ సంఘం కార్యదర్శి, మడత నలగని తెల్ల చొక్కా పెద్దమనిషి, వాచీ చూసుకున్నాడు. "రైలింగ్ అంటే సివిల్ వర్కమ్మా. వార్డు ఆఫీసు పర్మిషన్ కావాలి. మన ఫండ్ అందంగా చేయడానికి మాత్రమే."

"మరి చీటీలెందుకు రాయించిండ్రు? మాకు పనీపాట లేదనుకున్నరా?"

"బిడ్డా, జర ఇను," అన్నాడు మా బస్తీ ప్రెసిడెంట్. లైట్‌మన్‌గా పనిచేసి మానేసిన పెద్దాయన. "ఏదో ఒకటి చేస్తమనే అంటున్నరు గదా."

"నువ్వు ఇనుకో పెద్దనాయినా. నువ్వు రెండో మెట్టు కాడుంటవ్."

అప్పుడు నాన్న లేచాడు. నాన్న ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో పెయింటర్. ప్లైవుడ్‌ని నల్లరాయి చేస్తాడు, నిన్న కట్టిన గోడకి వందేళ్ళ నాచు పట్టిస్తాడు. మీటింగుల్లో నోరు తెరవని మనిషి.

"మేడమ్, డిజైన్ రైలింగ్ అని రాస్కోండ్రి. దాని మీద పూలు, ఆకులు పెడ్త. అప్పుడు గదీ అందమే అయితది గదా. పైపులు మీరు తెప్పియ్యుండ్రి. పని మేం జేస్తం. మా దాంట్ల వెల్డరున్నడు, అచ్చులు తీసే మోల్డరున్నడు. కూలి వద్దు."

మేడమ్ కార్యదర్శి వైపు చూసింది. ఆయన తలాడించాడు. మేడమ్ రాసుకుంది. నాన్నని చూసి ఆ రోజు నాకు ఎంత గర్వం వేసిందో చెప్పలేను. ఇంటికి పోతూ మెట్ల మీద, "డాడీ, మస్తు చేసినవ్," అన్నాను. "నోరేసుకుని పడకుంటే గిట్లనే పనైతది," అన్నాడు. ఆ గర్వం అక్కడితో సగం దిగింది.

నేను వీడియోలు చేస్తానని తెలిసి సంస్థవాళ్ళు తమ పేజీ నాకు అప్పగించారు. వాళ్ళంటే నాకు మంట. అయినా తీసుకున్నాను. ఆ పేజీకి నా పేజీ కంటే చాలా ఎక్కువమంది ఉన్నారు. అబద్ధం ఎందుకు చెప్పాలి.

రంగుల పని మొదలైంది. ఎక్కడినుంచో కాలేజీ పిల్లలు వచ్చారు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, మోకాళ్ళ దగ్గర చిరిగిన ప్యాంట్లు. ఇరవై అయిదేళ్ళుగా గోడలు చేసిన నాన్న వాళ్ళకి బకెట్ అందించాడు. "అంకుల్, కొంచెం బ్లూ కలపరా," అని ఒక పిల్ల అడిగితే కలిపి ఇచ్చాడు. నాకు బకెట్ తన్నాలనిపించింది. మా ఇంటి గోడ మీద రెక్కలున్న ఒక అమ్మాయి ఆకాశంలోకి ఎగురుతోంది. గోడకి ఇవతల మా అమ్మ గడప దగ్గర కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. రీల్ తీశాను. లక్షణంగా ఉంది అని మేడమ్ మెచ్చుకుంది. అమ్మ ఉన్న ముక్క కత్తిరించమంది.

పైపులు మాత్రం రాలేదు. అడిగితే గోడౌన్‌లో ఉన్నాయన్నారు. పర్మిషన్ కాగితం లేకుండా బయటికి తీయరట. ఈలోపు ప్రారంభోత్సవం ఖాయమైంది. రిబ్బన్ కత్తిరించడానికి ఒక నటుడు ఒప్పుకున్నాడు, ఆయన డేట్స్ ఆ ఒక్క రోజే. ఫిల్మ్ నగర్‌లో దేనికైనా ఎదురు చెప్పొచ్చు గానీ డేట్స్‌కి చెప్పలేం.

ప్రారంభానికి రెండు రోజుల ముందు నాన్న, వెల్డరు, మోల్డరు కింద షెడ్‌లో పనిలో పడ్డారు. పైపులు వచ్చాయా అంటే, "అయితది, నువ్ బో," అన్నాడు. మర్నాడు సాయంత్రానికి అరవై మెట్ల వరకు రైలింగ్ నిలబడింది. ప్రారంభం రోజు పొద్దున్నే మా ఇంటి ముందు చివరి ముక్క బిగించారు. నల్లటి ఇనుము, మధ్యమధ్య తీగలు, ఆకులు. అతుకుల దగ్గర వెల్డింగ్ బొబ్బలు. బోల్టుల చుట్టూ కొంచెం తుప్పు. నేను ఫోటోలు తీస్తూనే ఉన్నాను.

అమ్మ గడప దగ్గర నిలబడి చెయ్యి చాపబోయింది.

"పెయింట్ తడిగుంది. ముట్టుకోకు," అన్నాడు నాన్న, ఆమె మొహం చూడకుండా. బ్రష్షు కడుక్కునే నెపంతో దిగిపోయాడు.

నాన్న వెళ్ళగానే నేను అమ్మ పక్కన కూర్చున్నాను. "మమ్మీ, పదకొండింటికి పెయింట్ ఆరిపోతది. రిబ్బన్ కట్ చెయ్యంగనే నువ్వు పైనుంచి దిగు. పట్టుకుని, నిమ్మలంగ. నేను కిందినుంచి లైవ్ తీస్త. డాడీకి చెప్పకు, సర్‌ప్రైజ్."

"అందరి ముందర ఎందుకే?"

"మీ చీఫ్ గూడ చూస్తడు. చోటు ఎవ్వరికియ్యడు."

ఆ మాటకి ఒప్పుకుంది. ట్రంకు తీసి నెమలికంఠం రంగు చీర బయట పెట్టింది. మేడమ్‌కి చెబితే ఆమె కళ్ళు మెరిశాయి. "అద్భుతమండీ. అసలు కథ అదే కదా," అంది.

పదకొండున్నరకి నటుడు వచ్చాడు. ఆర్చి కింద టెంట్, మైకు, పూలదండలు. పై కాలనీవాళ్ళు కార్లు రోడ్డు మీదే ఆపి నడిచి వచ్చారు, దాన్ని పాదయాత్ర అని పిలిచాడు కార్యదర్శి. నేను లైవ్ పెట్టాను. రిబ్బన్ తెగింది, చప్పట్లు. ఫోన్ పైకి తిప్పాను. చివరి మెట్టు దగ్గర అమ్మ.

చీర కొంగు నడుముకి దోపుకుని, పెయింట్ అంటుతుందేమోనని ఎడమ చెయ్యి రైలింగ్ మీద ఆనించీ ఆనించకుండా, అడుగు తర్వాత అడుగు. తెరమీద హృదయాలు ఎగురుతున్నాయి. నాకు కళ్ళలో నీళ్ళు. పందొమ్మిది మెట్లు దిగింది, నేను లెక్కపెట్టాను. పైనుంచి ఇరవయ్యో మెట్టు ఎత్తు ఎక్కువ. అక్కడ బరువు వేయక తప్పదు. చెయ్యి బిగించబోయింది.

"ఏయ్! పట్టుకోకు! ఆగు! అది డమ్మీ!"

నాన్న గొంతు. మైకు అవసరం లేకుండా షేక్‌పేట వరకు వినపడేంత అరుపు. టెంట్ పక్కనుంచి మనుషుల్ని తోసుకుంటూ మెట్ల మీదికి పరిగెత్తాడు.

అందరూ ఆగిపోయారు. అమ్మ కూడా. చెయ్యి గాల్లోకి తీసి, వేలి మెటికతో రైలింగ్‌ని కొట్టి చూసింది. టక్ టక్. బోలు చప్పుడు. ఆ మనిషి ఇరవై ఏళ్ళు సెట్ల మీద బతికింది. ఇక ఎవరూ వివరించక్కర్లేదు. ప్లాస్టిక్ పైపు, సర్వి కట్టెలు, థర్మోకోల్ బోల్టులు, పైన నాన్న పెట్టిన తుప్పు.

"నాలుగు నెల్లసంది ఒక్క పైపు అడిగిన," అంది అమ్మ అక్కడినుంచే. అరవలేదు, కానీ కిందివరకు వినపడింది. "గది గూడ సెట్టేస్తివా?"

నాన్న నలభయ్యో మెట్టు దగ్గర ఆగిపోయాడు.

పైకీ పోలేదు, కిందికీ రాలేదు అమ్మ. ఇద్దరు కుర్రాళ్ళు ఎత్తుకోవడానికి వెళ్ళారు. "ఎవ్వలు ముట్టకుండ్రి," అంది. నెమలికంఠం చీరతో మెట్టు మీద కూర్చుంది. కాలు ముందుకి చాపి, చేతులు ఆనించి, కూర్చున్నట్టే ఒక్కో మెట్టూ జరుగుతూ దిగింది. యాభై ఒక్క మెట్లు. అప్పుడే వేసిన మెట్ల రంగులు చీరకి అంటుకుంటున్నాయి, వాటి పెయింట్ మాత్రం నిజంగానే తడి. నటుడు కత్తెర పట్టుకునే నిలబడ్డాడు. 

మేడమ్ నా మోచెయ్యి పట్టుకుంది. "లైవ్ ఆపండి. ప్లీజ్, ఆపండి."

"ఎందుకాపాలె? అసలు కథ గిదే అన్నరు గదా."

ఆపలేదు. చివరి మెట్టు వరకు తీశాను. సంస్థ పరువు, నాన్న పరువు, అన్నీ నా చేతిలో ఉన్నట్టు అనిపించింది, అది నిజంగా బాగుంది కూడా. అమ్మ కింద కుర్చీలో కూర్చుని నీళ్ళు తాగి, నన్ను దగ్గరికి పిలిచింది.

"నా మీదెందుకే పెట్టినవ్ ఫోను?"

"వాళ్ళ బండారం బయటపడాలె మమ్మీ."

"ఒక చేతుల ఫోనుంటే ఇంకో చెయ్యి ఖాళీనే ఉంటది గదా."

సాయంత్రం నలుగురు ఆమెని ప్లాస్టిక్ కుర్చీలో పెట్టి పైకి మోసుకుపోయారు. అప్పటికి ఆ వీడియో సినిమా యూనియన్ల వాట్సాప్ గ్రూపులన్నిటిలో తిరిగేసింది. 'ఇంట్ల గూడ ఆర్ట్ డైరెక్షనేనా అన్నా' అని నాన్నకి ఎవరో మెసేజ్ పెట్టారు.

ఇంట్లో నాన్నా నేనూ కొట్టుకోవడం ఒక్కటే తక్కువ.

"ఒరిజినల్ రాలేదని షూటింగ్ ఆపుతరా? డమ్మీ పెడ్తం, షాట్ తీస్తం, తెల్లారి ఒరిజినల్ పెడ్తం. ఇరవై అయిదేండ్లు గదే జేసిన. మేడమ్ గూడ గదే అన్నది, ఆ రోజుకు ఏదో ఒకటి కనపడాలె అని. పైపులొచ్చినంక మార్చెటోన్ని."

"మమ్మీకి చెప్పాలె గదా!"

"తడిగుందని చెప్పిన. నువ్వు దింపుతున్నవని నాకు చెప్పినవా?" గొంతు తగ్గించాడు. "నువ్వు ఫోటోలు తీసినవ్ గదా, దగ్గరికెళ్ళి. నువ్వు గూడ గుర్తుపట్టలె."

ఆ చివరి మాటలో కొంచెం గర్వం ఉంది. అదే నన్ను ఇంకా మండించింది.

రెండు రోజులకి మళ్ళీ అదే హాల్లో మీటింగు. ఈసారి సమోసాలు లేవు.

"మాకు చెప్పకుండా చేశారు. దీన్ని మోసం అంటారు," అన్నాడు కార్యదర్శి.

"సార్, మీ టెర్రస్ నుంచి చూస్తే నిజమైందే గదా?" అన్నాన్నేను.

"నేను ఏదో ఒకటి అంటే పూలదండలు, రిబ్బన్లు అనుకున్నానండీ," అంది మేడమ్. చిరునవ్వు మొదటిసారి కనపడలేదు. "మీ వీడియో వల్ల మాకు ఫండ్ ఇచ్చేవాళ్ళు ప్రశ్నలు వేస్తున్నారు. ఆ విషయం మీకు తెలుసా?"

"మా మమ్మీ మెట్ల మీద పాకింది. ఆ విషయం మీకు తెలుసా?"

ప్రెసిడెంట్ ఒకవైపు, వెల్డరు ఒకవైపు, అందరూ ఒకేసారి అరవడం మొదలుపెట్టారు. నా ఫోన్ మోగింది. అమ్మ, వీడియో కాల్. గొడవ పైవరకు వినపడి ఉంటుంది.

"ఫోను అందరికి కనపడేటట్టు వట్టు," అంది. చెయ్యి చాపి పట్టుకున్నాను. "అందరు ఒక్కసారి మాట్లాడకుండ్రి. సెట్ల చొక్క గుండీ తెగితే ఎవరిది తప్పని అడ్గం. ఎవరు తెస్తరు, ఎవరు కుడ్తరు, ఎంతసేపట్ల. గంతే. నా షెడ్యూలుకు ఇంకా తొమ్మిది రోజులున్నయి. మేడమ్, వార్డాఫీసు సంతకం ఎవరు తెస్తరు?"

మేడమ్ ఫోన్ వైపు చూసింది. "నేను తెస్తానండీ."

"కాలనీ సారూ, మీరు గూడ వోండ్రి. మీరు పోతే కుర్చేస్తరు. మావోళ్ళు పోతే రేపు రమ్మంటరు." హాలు నవ్వింది, కార్యదర్శి తప్ప. "అన్నా, మోరీ పక్క గుంతలు ఎవరు తవ్వుతరు?"

"మేం తవ్వుతం చెల్లె," అన్నాడు ప్రెసిడెంట్.

"వెల్డింగు మాయిన జేస్తడు తియ్యి." నాన్న పేరు కూడా ఎత్తకుండా అంది. "ఈసారి రంగు వద్దని చెప్పుండ్రి."

మేడమ్ మూడు రోజులు వార్డు ఆఫీసులో కూర్చుంది. నేను అనుమానంతో ఒకసారి వెళ్ళి చూశాను. నిజంగానే బెంచీ మీద కూర్చుని ఉంది, పక్కన కార్యదర్శి చెమట తుడుచుకుంటున్నాడు. ఆమె అంటే నాకు ఇప్పటికీ ఇష్టం లేదు. కానీ ఆ సంతకం మా వల్ల అయ్యేది కాదు, అది ఒప్పుకోవాలి. కాగితం వచ్చిన రోజే గోడౌన్ నుంచి పైపులు వచ్చాయి. గుంతలు తవ్వారు, కాంక్రీటు పోశారు, నాన్న, వెల్డరు కలిసి అతికారు. ఆకుల్లేవు, తీగల్లేవు. ఎర్ర ప్రైమర్ ఒక్క పూత. ఆ రంగుల మెట్ల పక్కన చూడ్డానికి అసహ్యంగా ఉంది.

అయితే అరవయ్యో మెట్టు దగ్గర ఆగిపోయింది. వార్డు ఆఫీసు లెక్కలో గల్లీ అక్కడివరకే ఉందట. పై పదకొండు మెట్లు బండ మీద మేము వేసుకున్నవి, కాగితంలో లేవు. అక్కడ పర్మిషన్ చెల్లదు. ఆ పదకొండు మెట్లకి నాన్న చేసిన డమ్మీ అలాగే ఉంది.

షెడ్యూలు మొదటి రోజు పొద్దున అలారం పెట్టుకుని లేచాను. అమ్మ అప్పటికే సూదీ దారం డబ్బా సంచిలో సర్దుకుంది. గడప దగ్గర నేను ఫోన్ వెనక జేబులో పెట్టి, భుజం అందించాను. చెయ్యి వేసింది. ఇంత బరువు ఉంటుందనుకోలేదు. ఇటు డమ్మీ, అటు నేను. పదకొండు మెట్లు. మధ్యలో జేబులో ఫోన్ రెండుసార్లు అదిరింది.

అరవయ్యో మెట్టు దగ్గర ఆగి, మెటికతో ప్రైమర్ పైపుని కొట్టింది. ఠంగుమంది. ఇంకోసారి కొట్టింది.

"ఇగ నువ్ బో. పండుకో," అని నా భుజం వదిలేసింది.

అక్కడే నిలబడి చూశాను. రెండు చేతులతో పైపు పట్టుకుని, పక్కవాటుగా, తొందర లేకుండా దిగింది. కింద ఆర్చి దగ్గర వ్యాను హారన్ కొట్టింది. "వస్తున్న, ఆగరా," అని కసిరింది. ఫోన్ తీసి ఉంటే ఎంత బాగా వచ్చేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది. తీయలేదు.

నాన్న నాతో ఇంకా ముక్తసరిగానే మాట్లాడుతున్నాడు. సంస్థ పుస్తకం అచ్చేసింది, అట్ట మీద డమ్మీ రైలింగ్ ఫోటో, నేను తీసిందే. పదకొండు మెట్లకి దరఖాస్తు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. అందుకని రోజూ పొద్దున అమ్మని అరవయ్యో మెట్టు దాకా దింపి, అక్కడే నిలబడి పైన ఆ పదకొండు మెట్లని ఫోటో తీసి మేడమ్‌కీ కార్యదర్శికీ పంపిస్తాను. నీలం టిక్కులు పడతాయి. కార్యదర్శి మొన్న నన్ను బ్లాక్ చేశాడు. ఇప్పుడు ఆయనకి నాన్న ఫోన్ నుంచి పంపుతున్నాను. నాన్న ఫోన్ అడిగితే మాట్లాడకుండానే ఇస్తున్నాడు.